వంద డాలర్ల కార్డుకి డెబ్బై ఎందుకిస్తారు?

డాలస్‌కి ఉత్తరాన, ప్లేనో, ఫ్రిస్కోలకి కూతవేటు దూరంలో ఆలెన్ అనే ఊరుంది. అక్కడ డాలస్ కార్డ్ షో జరుగుతుంటుంది. ఒక శనివారం మా పదమూడేళ్లవాడిని తీసుకుని వెళ్లాను. వాడి చంకలో బూట్ల డబ్బా, అందులో రెండేళ్లుగా పోగేసిన బాస్కెట్‌బాల్ కార్డులు. ఒక బల్ల దగ్గర ఆగి, ఉన్నవాటిలో మంచిదనుకున్న కార్డు తీసి ఇచ్చాడు. బల్ల వెనకాయన ఫోన్ టార్చి వేసి, వెలుగు ఏటవాలుగా పడేలా కార్డుని అటూ ఇటూ వంచి చూశాడు. నాలుగు మూలలూ చూశాడు. వెనక్కి తిప్పి అంచులు చూశాడు. ఫోన్‌లో ఏదో వెతికి, "ఇది వంద దగ్గర అమ్ముడుపోతోంది. డెబ్బై ఇస్తాను" అన్నాడు.

మావాడి మొహం మాడిపోయింది. "నాన్నా, వందని ఆయనే చెప్పి డెబ్బై ఇస్తానంటాడేంటి?" అని నా చెవిలో గొణిగాడు. నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం. పిల్లవాడని చూసి కొట్టేస్తున్నాడేమో అనుకున్నాను. అమ్మకుండా వచ్చేశాం. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేసుకున్నాక గానీ ఆ ముప్పై ఎక్కడికి పోతుందో అర్థం కాలేదు.

అమెరికాలో పిల్లలున్న చాలా తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్న ఇప్పుడు తిరుగుతోంది. కోవిడ్ రోజుల్లో ఇళ్లలో కూర్చున్న జనం మళ్లీ కార్డుల మీద పడ్డారు. 2021 మే నెలలో విస్కాన్సిన్‌లో ఒక టార్గెట్ స్టోర్ పార్కింగ్‌లో కార్డుల కోసం గొడవ జరిగితే, టార్గెట్ కొన్నాళ్లు దుకాణాల్లో వాటి అమ్మకమే ఆపేసింది. 2022 ఆగస్టులో 1952 నాటి మికీ మాంటిల్ బేస్‌బాల్ కార్డు వేలంలో 1.26 కోట్ల డాలర్లు పలికింది. 2025 ఆగస్టులో మైకేల్ జోర్డన్, కోబీ బ్రయంట్ ఇద్దరి సంతకాలూ ఉన్న కార్డు దాన్ని దాటి 1.29 కోట్లకి పోయింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ అటకల మీద డబ్బాలు కిందికి దిగుతాయి. దిగినవాటిలో నూటికి తొంభై తొమ్మిది మళ్లీ పైకి ఎక్కాల్సినవే.

ముందు నాలుగు మాటలు తెలియాలి

మన చిన్నప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డుల్లాంటివే ఇవీ. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు, ముందు ఆటగాడి బొమ్మ, వెనక లెక్కలు. ఒక ఆటగాడు లీగ్‌లోకి వచ్చిన తొలి ఏడాది వేసే కార్డుని రూకీ కార్డు అంటారు. గిరాకీ ఎక్కువ దానికే. అదే బొమ్మని రంగు మార్చి, మెరుపు కాగితం మీద తక్కువ సంఖ్యలో వేస్తే ప్యారలెల్. దాని మీద 17/99 అని ఉంటే తొంభై తొమ్మిదే అచ్చు వేశారనీ, ఇది పదిహేడోదనీ అర్థం. ఆటగాడు సంతకం పెడితే ఆటో. పెట్టెలోంచి తీసి ప్లాస్టిక్ తొడుగులో పెట్టుకున్న మామూలు కార్డు "రా". పీఎస్‌ఏ, ఎస్‌జీసీ, బెకెట్ లాంటి సంస్థకి పంపితే వాళ్లు పరీక్షించి, పదికి ఇన్ని మార్కులని వేసి, గట్టి ప్లాస్టిక్ పలకలో మూసి పంపుతారు. అది "స్లాబ్".

ఇక అసలు మాట "కాంప్స్". అదే కార్డు, అదే స్థితిలో, ఈమధ్య ఎంతకి అమ్ముడుపోయిందో ఆ ధరలు.

వంద అన్న అంకె ఎక్కడినుంచి వచ్చింది

ఒకప్పుడు ధర పుస్తకంలో ఉండేది. గణాంకశాస్త్రం చదివిన జేమ్స్ బెకెట్ 1984లో నెలనెలా ధరల పత్రిక మొదలుపెట్టారు, ఈ డాలస్‌లోనే. అందులో "హై", "లో" అని రెండు గడులుండేవి. ఒక తరం పిల్లలు పంచాంగం చూసినట్టు దాన్ని చూసి బేరాలాడుకున్నారు. నెలకోసారి వచ్చే పత్రిక కదా, నిన్న రాత్రి మ్యాచ్‌లో యాభై పాయింట్లు కొట్టినవాడి కార్డు ఈ రోజు ఎంతో అది చెప్పలేదు.

ఇప్పుడు ఆ పని ఈబేలో అమ్ముడుపోయిన వస్తువుల జాబితా చేస్తోంది. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఈబేలో ఎవరో 400 అని పెట్టి కూర్చున్న కార్డు ధర కాదు, వాడి ఆశ. మన ఊళ్లో "సెంటు ఇరవై లక్షలు" అని బోర్డు కట్టి ఏళ్ల తరబడి అమ్ముడుపోని స్థలాలు చూశాం కదా, అదే వరస. అమ్ముడుపోయినవాటిని మాత్రమే వడపోసి చూడాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. కొనేవాడు బేరమాడి తగ్గిస్తే, అసలు చెల్లించిన సొమ్ము ఈబే పేజీలో సరిగా కనబడదు, అడిగిన ధర మీద గీత మాత్రం కనబడుతుంది. అందుకే బల్లల వెనక వాళ్లు 130 పాయింట్ అనే సైట్‌లో చూస్తారు. తగ్గించిన ధర అక్కడ తెలుస్తుంది.

అంటే ఆ వంద ఈబేలో కొన్నవాడు కట్టిన సొమ్ము. అమ్మినవాడి జేబులో పడిన సొమ్ము కాదు.

ఆ ముప్పై డాలర్లలో మన వాటా ఎంత

వంద డాలర్ల కార్డుని ఈబేలో అమ్మామనుకుందాం. ట్రేడింగ్ కార్డుల మీద ఈబే సుమారు 13 శాతం పైచిలుకు తీసుకుంటుంది. కొన్నవాడు కట్టే అమ్మకం పన్ను కూడా కలిపిన మొత్తం మీద ఆ శాతం. పన్నుతో 108 అయిందంటే ఫీజు పద్నాలుగు దాటుతుంది. తపాలా ఖర్చు మనమే భరిస్తే, ట్రాకింగ్‌తో పంపడానికి, కవరూ ప్లాస్టిక్ తొడుగూ కలిపి ఇంకో ఆరు. మిగిలింది 79 లేదా 80.

కాబట్టి పోల్చాల్సింది వందకీ డెబ్బైకీ కాదు, ఎనభైకీ డెబ్బైకీ. తేడా పది. ఆ పదికోసం ఫోటోలు తీయాలి, వివరాలు రాయాలి, పోస్టాఫీసుకి వెళ్లాలి, డబ్బు ఖాతాలో పడేదాకా ఆగాలి, "మూల మెత్తగా ఉంది, వాపసు తీసుకో" అనే ఉత్తరానికి సిద్ధపడాలి. ఆ పదికి ఇంత చాకిరీ చేయొచ్చా అన్నది ఎవరి ఓపిక వాళ్లది. కాలేజీ పిల్లవాడికి గిట్టవచ్చు. నాకు గిట్టదు.

పాత బంగారం అమ్మడానికి వెళ్లినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. ఆ రోజు రేటు గోడ మీద వెలుగుతూనే ఉంటుంది. మన గాజుల్ని ఆ రేటుకి తీసుకోరు. తరుగు అంటారు, రాళ్ల బరువు అంటారు, మనం కొన్నప్పుడు కట్టిన మజూరీ ఊసే ఎత్తరు. ఆ కొట్టతన్ని దొంగ అనుకోం, మనసులో తిట్టుకున్నా సరే.

బల్ల వెనక నుంచి చూస్తే

వ్యాపారి వైపు లెక్క కూడా వేద్దాం. అంకెలు ఉదాహరణకి తీసుకున్నవే. 70కి కొన్న కార్డుని అతను షోలో 90కి అమ్ముతాడు. ఎందుకంటే షోకి వచ్చేవాళ్లెవరూ పూర్తి కాంప్ ఇవ్వరు, ఇచ్చేట్టయితే ఇంట్లో కూర్చుని ఈబేలోనే కొంటారు. కార్డుకి ఇరవై మిగిలింది. రెండు రోజుల బల్ల అద్దె 200 అనుకుంటే, పది కార్డులు అమ్మితే బల్ల డబ్బు వచ్చింది. హోటలు, పెట్రోలు, తిండి దాటడానికి ఇంకో పది అమ్మాలి. ఆ తర్వాతిదే లాభం.

ఆలోపల ఆ కార్డు అతని దగ్గరే ఉంటుంది. ఆటగాడి మోకాలి లిగమెంటు తెగిందంటే వారంలో ధర సగానికి పడిపోతుంది. సీజన్ మొదలయ్యే ముందు ధర ఎక్కుతుంది, అయిపోయాక దిగుతుంది. అందుకే ఒకే వ్యాపారి ఒక్కో సరుకుకి ఒక్కో శాతం ఇస్తాడు. ఈ గంటలోనే అమ్ముడుపోతుందనుకున్న స్లాబ్‌కి 80, 85 శాతం ఇవ్వొచ్చు. ఎవరూ అడగని జట్టులోని మంచి ఆటగాడికి 60 అంటాడు. డబ్బా మొత్తం ఒకేసారి ఇచ్చేస్తామంటే ఇంకా తగ్గిస్తాడు. దాన్ని వేరుచేసి, ధరలు కట్టి, తొడుగుల్లో పెట్టే పని అతని నెత్తినే కదా.

డబ్బు బదులు కార్డుకి కార్డు మార్పిడి చేసుకుంటే శాతం పెరుగుతుంది. డెబ్బై నగదు ఇచ్చినవాడే మార్పిడికైతే ఎనభై ఐదు కడతాడు. అది దయ కాదు. అతను మనకిచ్చే కార్డు తనకి కాంప్ కన్నా తక్కువకే పడింది. పిల్లలు ఎక్కువగా ఇష్టపడేది ఈ మార్పిడినే. షో ముగిశాక సాయంత్రాలు ట్రేడ్ నైట్ అని పెడతారు, నేల మీద కూర్చుని గంటలు గంటలు బేరాలాడుకుంటారు.

ఇందులో రెండో వాదన కూడా ఉంది, అది కొట్టిపారేసేది కాదు. చాలామంది వ్యాపారులు ఈబే కాంప్‌ని కొనేటప్పుడు ఒక రకంగా, అమ్మేటప్పుడు ఇంకో రకంగా వాడతారు. మన దగ్గర కొనేటప్పుడు చివరి అయిదు అమ్మకాల్లో అన్నిటికన్నా తక్కువదాన్ని చూపిస్తారు. మనకి అమ్మేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువదాన్ని చూపిస్తారు. రెండూ నిజమైన అమ్మకాలే, అబద్ధం ఎక్కడా లేదు. అయినా మోసపోయినట్టే ఉంటుంది. శాతం గురించి వాదించుకునే ముందు, దేనిలో శాతం అన్నది తేల్చుకోకపోతే ఆ అంకెకి విలువ లేదు.

షోలో ధర చీటీ ఎందుకు ఉండదు

కొత్తగా వెళ్లినవాళ్లని ఇబ్బంది పెట్టేది ఇదే. అద్దాల పెట్టెలో కార్డులు బారులు తీరి ఉంటాయి, సగం వాటి మీద ధర ఉండదు. అడిగితే "నువ్వెంత అనుకుంటున్నావ్?" అంటారు. మనం అమ్మబోతే "నీకెంత కావాలి?" అంటారు. ముందు అంకె చెప్పడానికి ఎవరికీ నోరు రాదు.

వారం వారం మారే ధరకి చీటీ అంటిస్తే రోజూ పీకి అంటించుకోవాలన్నది వ్యాపారుల మాట. నిజమే. కానీ చీటీ లేకపోతే ఎదుటివాడి తెలివిని బట్టి ధర చెప్పొచ్చన్నది కొనేవాళ్ల అనుమానం. అదీ నిజమే. ఈమధ్య కొందరు చీటీలు అంటించి, "ఇదే ధర, పది శాతం తగ్గిస్తా" అంటున్నారు. వాళ్ల బల్లల దగ్గర పిల్లలు ఎక్కువ నిలబడటం చూశాను. మా బందరులో స్టీలు సామాన్ల కొట్టు "ఒకే ధర" బోర్డు పెట్టినప్పుడు మా అమ్మ ఆ కొట్టు మెట్లెక్కడం మానేసింది. బేరం లేకపోతే కొన్నట్టే ఉండదని ఆవిడ బాధ. రెండు రకాల మనుషులూ ఉంటారు.

ఒకే కార్డు, మూడు ధరలు

ఫోన్ టార్చి వేసి వంచి చూడటం వెనక ఇంకో లెక్క ఉంది. ఊహకి ఒక కార్డు తీసుకుందాం. రా అయితే 60. పీఎస్‌ఏ పది మార్కులు వేస్తే 300. తొమ్మిదైతే 90. ఎనిమిదైతే 50. పరీక్షకి పంపడానికి కార్డుకి ఇరవై డాలర్ల పైమాటే, తపాలాతో కలిపి పాతిక అనుకుందాం. అరవై కార్డు మీద పాతిక పెడితే పెట్టుబడి 85. తొమ్మిది వస్తే అయిదు మిగిలింది, ఈబే ఫీజుతో అదీ పోయింది. ఎనిమిది వస్తే చేతి చమురు. పది వస్తేనే పండగ.

కంటికి కొత్తగా కనబడే కార్డు కూడా పది కాకపోవచ్చు. బొమ్మ చుట్టూ తెల్ల అంచు ఒకవైపు కాస్త లావుగా ఉన్నా, ఉపరితలం మీద అచ్చు యంత్రం గీసిన సన్నటి గీత ఉన్నా, మూల మీద తెల్లటి చుక్క కనబడినా మార్కు పడిపోతుంది. వ్యాపారి టార్చి వెలుగులో వెతికింది దాన్నే. "ఇది పది కాదు" అని తేల్చుకున్నాకే అతను రా ధర చెప్పాడు. ఒకవేళ పది వస్తుందనిపించినా నోరు విప్పడు. ఆ చూపే అతని వృత్తి.

మార్కులు వేసేవాళ్లు కూడా మనుషులే. పీఎస్‌ఏ 1991లో మొదలైనప్పుడు మొట్టమొదట మార్కు వేసింది హోనస్ వాగ్నర్ అనే పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడి బొమ్మతో సిగరెట్ పెట్టెల్లో వచ్చిన కార్డుకి. కార్డుల లోకంలో అది కోహినూరు లాంటిది. అంచులు కత్తిరించి చక్కగా చేసిన కార్డు అదని, దాన్ని అమ్మినవారిలో ఒకరైన వేలందారు బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నారు. కత్తిరించిన కార్డుకి మామూలుగా మార్కే వేయకూడదు.

డబ్బాల కొద్దీ ఉన్నవాటి సంగతి

అద్దె ఇంట్లోనో, కొన్న ఇంటి గ్యారేజీలోనో పాత యజమాని వదిలేసిన కార్డుల డబ్బాలు దొరికాయని అడిగేవాళ్లున్నారు. మొదట చూడాల్సింది వెనక చిన్న అక్షరాల్లో ఉన్న సంవత్సరం. 1980ల చివరి నుంచి 1990ల మొదటి దాకా ఉంటే ఆశ వదులుకోవచ్చు. కార్డులు పెట్టుబడి అని అప్పట్లో జనం నమ్మారు, కంపెనీలు లెక్కాపత్రం లేకుండా అచ్చేశాయి, కొన్నవాళ్లందరూ జాగ్రత్తగా దాచుకున్నారు. అందరూ దాచుకున్నది అరుదు ఎలా అవుతుంది? ఆ కాలాన్ని "జంక్ వాక్స్" అంటారు. 1989లో అప్పర్ డెక్ కంపెనీ వేసిన కెన్ గ్రిఫీ జూనియర్ రూకీ లాంటివి కొన్ని మినహాయింపు.

అయిదు వేల కార్డులు పట్టే అట్టపెట్టె తొమ్మిది కిలోలు తూగుతుంది. పార్సిల్ ఖర్చే సరుకు ధరని మింగేస్తుంది. ఇలాంటివాటికి గ్యారేజ్ సేల్ సరైన చోటు. వాకిట్లో బల్ల వేసి "పెట్టె పది డాలర్లు" అని రాసి పెడితే, తన చిన్నప్పటి జట్టు కనబడి కొనుక్కుపోయేవాడు ఒకడు దొరుకుతాడు. అయిదు డాలర్ల లోపు విడి కార్డులదీ ఇదే కథ. ఆన్‌లైన్‌లో చిల్లర మిగలదు, వ్యాపారి చేతిలో పెట్టేది పావలా. ముఖాముఖి "డాలరుకి ఒకటి" పెట్టెలో మాత్రం కదులుతాయి.

అన్ని అటకలూ ఖాళీ కావు. 2012లో ఒహాయోలోని డిఫయన్స్ అనే ఊళ్లో ఒక కుటుంబం తాతగారి అటక మీద 1910 ప్రాంతపు బేస్‌బాల్ కార్డులు ఏడు వందల దాకా కనుక్కుంది. కొన్నింటిని వేలం వేస్తేనే అయిదు లక్షల డాలర్లు దాటింది. సంవత్సరం చూడమన్నది అందుకే.

పన్ను ఒకటి, వీసా ఇంకొకటి

చేతికొచ్చిన నగదుకి లెక్క ఉండదనుకోవడం పొరపాటు. కొన్నదానికంటే తక్కువకి సొంత వస్తువు అమ్మితే పన్ను లేదు, నష్టాన్ని చూపించుకోవడానికీ లేదు. లాభం వస్తే, ఏడాది దాటి దాచుకున్న కార్డు మీద ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం. షేర్ల కన్నా ఎక్కువ, సేకరణ వస్తువుల కింద లెక్క. ఈబే లాంటివాళ్లు 1099-కె (మన అమ్మకాల మొత్తాన్ని పన్నుశాఖకి తెలిపే ఫారం) పంపే హద్దుని 2025 చట్టం మళ్లీ 20,000 డాలర్లు, 200 అమ్మకాలకి మార్చింది. ఫారం రాకపోయినంత మాత్రాన పన్ను పోలేదు. టెక్సస్‌లో ఏడాదికి ఒకటి రెండు గ్యారేజ్ సేల్స్ పెట్టుకుంటే అమ్మకం పన్ను వసూలు చేయక్కర్లేదు. షోలో బల్ల వేసి వ్యాపారం చేసేవాళ్లకి పర్మిట్ కావాలి.

మనవాళ్లకి దీనికన్నా పెద్ద ప్రశ్న వీసా. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు తమకి ఆ వీసా తీసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చేయకూడదు, సొంత పని కూడా కలిపి. ఇంట్లో పాత సోఫా అమ్మినట్టు పిల్లవాడి కార్డులు అమ్మడం పని కిందికి రాదు. కానీ ప్రతి వారాంతం బల్ల అద్దెకి తీసుకుని, అమ్మడానికే కొంటూ, లాభానికి తిప్పుతుంటే అది వ్యాపారం. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందన్నది లాయరుని అడగాల్సిన మాట, వాట్సాప్ గ్రూపుని కాదు.

తెలిసినవాడు తెలియనివాడి దగ్గర కొంటే

చివరిది, అన్నిటికన్నా చిక్కుముడి. గ్యారేజ్ సేల్‌లో ఒక పెద్దావిడ డాలరుకి అమ్ముతున్న కార్డు అయిదు వందలు చేస్తుందని నాకు తెలుసు. చెప్పాలా?

అమెరికా చట్టం మామూలుగా కొనేవాడి మీద ఆ బాధ్యత పెట్టదు. నోరు మూసుకుని కొనుక్కోవచ్చు. "ఇది దేనికీ పనికిరాదమ్మా" అంటే మాత్రం కథ మారుతుంది, అది మోసం. ఆవిడే "బాబూ, ఇది ఎంత చేస్తుంది?" అని అడిగితే, చెప్పేది నిజమైనా కావాలి, నోరైనా మూసుకోవాలి. ఏళ్ల తరబడి చదివి సంపాదించిన చూపుకి ప్రతిఫలం ఇదేనని ఒక వర్గం వాదిస్తుంది. ఎండలో యాభై ఇళ్లు తిరిగితే ఒక్కటి దొరుకుతుంది, మిగతా నలభై తొమ్మిదింటి కూలి ఎవరిస్తారని అడుగుతుంది. పోయిన భర్త డబ్బాని అమ్ముకుంటున్న మనిషి దగ్గర ఆ న్యాయం చెల్లదని ఇంకో వర్గం అంటుంది. వ్యాపారి ముందు మొదటి వాదన నాకు ఒప్పుదలే. వాకిట్లో కూర్చున్న పెద్దావిడ ముందు కాదు.

దీన్ని కోర్టు దాకా తీసుకెళ్లిన కథ ఒకటుంది. 1990లో ఇల్లినాయిలో ఒక కార్డుల కొట్టులో 1968 నాటి నోలన్ రయన్ అనే బేస్‌బాల్ ఆటగాడి రూకీ కార్డు మీద 1200 అని రాసి ఉంది. ఆ రోజు కౌంటర్ దగ్గర ఉన్నది కార్డుల గురించి పెద్దగా తెలియని మనిషి. బడికి వెళ్లే పిల్లవాడొకడు వచ్చి అడిగితే పన్నెండు డాలర్లు తీసుకుని ఇచ్చేసింది. యజమాని దావా వేశాడు. పిల్లవాడికి అసలు ధర తెలుసని, ఎదుటివారి పొరపాటు తెలిసీ దాన్ని వాడుకున్న ఒప్పందం చెల్లదని అతని వాదన. కౌంటర్ దగ్గర అడిగిన ధర ఇచ్చి కొన్నాను, అమ్మకం అమ్మకమే అన్నది పిల్లవాడి వాదన. దేశమంతా పేపర్లలో చదివి రెండు పక్షాలుగా విడిపోయింది. 1991లో విచారణ నడుస్తుండగానే ఇద్దరూ రాజీకొచ్చారు. కార్డుని వేలం వేసి, వచ్చిన డబ్బు దానధర్మాలకి ఇచ్చేశారు. తీర్పు రాయాల్సిన పని జడ్జికి తప్పిపోయింది.